పేటలో అందరికీ ఈత వచ్చు

నరసరావుపేటలో ఓ పదేళ్ల కాలంలో ఉద్యోగం వెతుక్కున్న ప్రతి ఒక్కరికీ ఈత వచ్చు. నా మాట మీద నమ్మకం లేకపోతే వాళ్ల రెజ్యూమేలు తీసి చూడండి. రెండో పేజీలో హాబీలు అన్నచోట క్రికెట్, పాటలు వినడం, ఈత అని వరసగా ఉంటాయి. మోకాలి లోతు నీళ్లలో దిగడానికి అమ్మ చెయ్యి పట్టుకునే పిల్లలకూ ఈత వచ్చు. వానాకాలంలో కూడా చెరువు నిండని ఊళ్ల వాళ్లకూ ఈత వచ్చు. ఈ ఘనకార్యం నాదే. ఆ సంగతి నేను ఒప్పుకున్నది ఒకే ఒక్క చోట, అదీ నా కోపం ఆగక.

మా బాబాయికి, అంటే మా నాన్న తమ్ముడికి, బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు ఉండేది. ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను, ఒక కంప్యూటరు, వచ్చినవాళ్లు కూర్చోడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆలస్యంగా చేరిన నా బీకాం పరీక్షలయిన వేసవిలో, ఫలితాలు వచ్చేదాకా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమెందుకు, షాపుకు వస్తే కంప్యూటరన్నా అలవాటవుతుందని బాబాయి పిలిచాడు. వెళ్లాను. ఫలితాలు వచ్చాయి, పాసయ్యాను, పెళ్లయింది, పాప పుట్టింది, పాప బళ్లో చేరింది. నేను మాత్రం ఆ కుర్చీలోంచి లేవలేదు. జిరాక్సూ లామినేషనూ బాబాయివి, టైపింగు నాది. కోర్టు అఫిడవిట్లు, ఇంటి అద్దె అగ్రిమెంట్లు, పెళ్లిళ్ల బయోడేటాలు, వాటన్నిటికంటే ఎక్కువగా రెజ్యూమేలు.

నేను చేరిన కొత్తల్లో రెజ్యూమే కోసం ఒకబ్బాయి వచ్చాడు. కృష్ణ ఒడ్డున ఏదో పల్లె. డిగ్రీ మార్కులు బాగానే ఉన్నాయి, మనిషి మహా మొహమాటస్తుడు. హాబీలేంటని అడిగితే చాలాసేపు ఆలోచించి, గేదెల్ని కడగడానికి ఏట్లో దిగుతానని, కాబట్టి ఈత వచ్చని చెప్పాడు. నేను ఈత అని కొట్టాను. నెల తిరక్కముందే ఆ అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. పాపం, గుర్తుపెట్టుకుని స్వీటు ప్యాకెట్టుతో షాపుకు వచ్చి బాబాయి కాళ్లకు దండం పెట్టి వెళ్లాడు. టైపు చేసిన నాకు ఒక లడ్డూ దక్కింది.

బాబాయి ఆ ప్యాకెట్టుతో బస్టాండంతా తిరిగాడు. మా షాపులో రెజ్యూమే కొట్టించుకున్నాడు, నెలలో ఉద్యోగం కొట్టాడని టీ కొట్టు నుంచి టికెట్ కౌంటరు దాకా అందరికీ చెప్పాడు. మర్నాడు ఇద్దరొచ్చారు. ఆ వారంలో ఇంకెందరో వచ్చారు. అందరిదీ ఒకటే మాట: ఆ ఉద్యోగం వచ్చిన రెజ్యూమేనే మాకూ కొట్టండి. పేరూ మార్కులూ మార్చక తప్పదు కాబట్టి వాటికి మాత్రం ఒప్పుకునేవారు. మిగతాది అక్షరం కదిలించనిచ్చేవారు కాదు. జీవిత లక్ష్యమూ అదే, బలాలూ అవే, హాబీలూ అవే. నీకు ఈత వచ్చా అని నేను అడిగితే, రాకపోతే ఏమైంది, ఆ అబ్బాయికి వచ్చిందిగా అన్నట్టు నా మొహంలోకి చూసేవారు.

వినుకొండ నుంచి వచ్చిన ఒక పిల్ల ఇంటర్వ్యూ నుంచి తిన్నగా మా షాపుకు వచ్చి నా మీద విరుచుకుపడింది. ఈత ఎక్కడ నేర్చుకున్నావని అక్కడ అడిగారట.

"మా వీధికి నీళ్ల ట్యాంకరొస్తే బిందెలతో కొట్టుకుంటాం అక్కా. ఆ మాట చెప్పమంటావా వాళ్లకి?" అంది.

తప్పు నాదేనని, ఇప్పుడే ఈత తీసేసి కొత్త ప్రింటు ఇస్తానని చెప్పి మౌసు పట్టుకున్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించుకుని, వద్దులే అక్కా, ఉండనియ్యి అంది. ఆ రోజు నాకు అర్థమైంది, ఈ ఈతను నేను మాన్పించలేనని.

ఈతొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. మా వాళ్లు చేసే తప్పులకు అంతులేదు. ఫోటో తెమ్మంటే పెళ్లి ఆల్బమ్ తెచ్చేవారు. నలుగురు స్నేహితుల మధ్యలోంచి ఒకణ్ని కత్తిరిస్తే వాడి భుజం మీద ఇంకొకడి చెయ్యి మిగిలిపోతుంది. ఆ చేతికి వాచీ, వేలికి ఉంగరం. ఆ చెయ్యి ఎవరిదని కంపెనీ వాడు అడగడా అంటే, మా బావదేనండీ అని సమాధానం. బలహీనతలు అన్నచోట ఏం రాయాలో ఎవరికీ తెలిసేది కాదు. కారంపూడి వైపు క్వారీలో పనిచేసే ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. వాడి బలహీనతలేంటని అడిగితే వాడు నోరు తెరిచేలోగా ఆవిడే అందుకుంది.

"వంకాయ పడదమ్మా మావాడికి. ఒళ్లంతా దద్దుర్లొస్తయ్. అది మాత్రం తప్పకుండా రాయి" అంది.

ఆ కంపెనీలో మధ్యాహ్నం భోజనం వాళ్లే పెడతారట. ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం ఏముంది, అవసరం లేనిది ఏముంది? రాశాను.

ఇక షాపులు నడిపే ఇళ్ల పెద్దలు. వాళ్లు కొడుకులతో పాటు వచ్చి, కొడుకుని బయట నిలబెట్టి, కుర్చీలో తాము కూర్చుని చెప్పేవారు. ఒక కిరాణా హోల్‌సేల్ ఆయన గోత్రంతో మొదలుపెట్టి, సొంత ఇల్లు, మేనమామ గారి నూనె వ్యాపారం, పిల్లాడి ఎత్తు, చామనచాయ దాకా చెప్పుకుంటూ పోయాడు. అయ్యా, ఇది సంబంధానికి కాదండీ, ఉద్యోగానికి అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. ఎవరింటి పిల్లాడో తెలియకుండా తన గల్లాపెట్టె దగ్గర తను ఎవరినీ కూర్చోబెట్టడని, అంత పెద్ద కంపెనీ మాత్రం ఎలా కూర్చోబెట్టుకుంటుందని అడిగాడు. అదే పిల్లాడికి సంబంధాలు కూడా చూస్తున్నారు కాబట్టి అదే రోజు పెళ్లి బయోడేటా కూడా కొట్టించారు. ఆ హడావిడిలో కవర్లు తారుమారయ్యాయి. కంపెనీకి గోత్రం వెళ్లింది. సత్తెనపల్లి పెళ్లివారికి రెజ్యూమే వెళ్లింది. పదిమందితో కలిసి పనిచేయగలడు, ఒత్తిడిని తట్టుకోగలడు, ఎక్కడికి బదిలీ చేసినా సిద్ధమే అని చదువుకుని పెళ్లివారు చాలా సంతోషించారట. సంబంధం ఖాయమైంది. ఉద్యోగం సంగతి నేను మళ్లీ అడగలేదు.

ఇందులో మా బాబాయి పాలు కూడా ఉంది. ప్రింటు తీయగానే కాగితం నాలుగు మూలలా పసుపు రాసేవాడు. పెళ్లి శుభలేఖకు రాయమా, ఇది మాత్రం శుభం కాదా అనేవాడు. చాలామందికి మెయిల్ ఉండేది కాదు, ఉన్నవాళ్లకు పాస్‌వర్డ్ గుర్తుండేది కాదు. అందుకని అందరి రెజ్యూమేల మీదా మా షాపు మెయిలే పెట్టించేవాడు. ఇంటర్వ్యూ పిలుపు వస్తే మేమే ప్రింటు తీసి, ఆ మనిషికి ఫోన్ చేసి చెప్పేవాళ్లం. ఎవరికి పిలుపొచ్చినా బాబాయి తనకే వచ్చినంత హడావిడి చేసేవాడు. ఆయన మీద నాకెంత కోపమున్నా ఆ ఒక్క విషయంలో వంక పెట్టలేను.

నేను మాత్రం అందరికీ క్లాసు పీకేదాన్ని. ఉన్నది దాచొద్దు, లేనిది రాయొద్దు, మూడు నెలల కోర్సు చేసినా, మూడు వారాలు ఎక్కడ పనిచేసినా రాయాల్సిందే అని గొంతు చించుకునేదాన్ని. కూల్‌డ్రింకు షాపులో రెండు వేసవులు పనిచేసి, అది చెప్పడానికి సిగ్గుపడిన ఒకణ్ని నిలబెట్టి కడిగేశాను. వాడు తల దించుకుని రాయించుకుని వెళ్లాడు.

అలా ఉండగా షాపున్న బిల్డింగును పడగొట్టి కాంప్లెక్సు కడతామని దాని ఓనరు చెప్పాడు. బాబాయికి మోకాళ్ల నొప్పులు, పైగా ఇప్పుడు పిల్లలందరూ రెజ్యూమేలు ఫోన్లోనే చేసుకుంటున్నారు. మూడు నెలల్లో మూసేద్దామని, మిషన్లు ఎవరికైనా అమ్మేద్దామని తేల్చేశాడు. జిరాక్స్ మిషను ఎవరికివ్వాలి, లామినేషన్ మిషను ఎవరు తీసుకుంటారు, ప్లాస్టిక్ కుర్చీలు ఇంటికి పనికొస్తాయా, అన్నీ ఆలోచించాడు. నేనేం చేయాలో ఆలోచించలేదు. నేనూ అడగలేదు. అడగాల్సి రావడమే నాకు చిన్నతనం అనిపించింది.

మా ఆయన టిప్పరు నడుపుతాడు. గురజాల దాటాక ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీకి రాయి తోలుతాడు. ఒకరోజు ఫ్యాక్టరీ గేటుకు అంటించిన కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకొచ్చాడు. ఆఫీస్ అసిస్టెంట్ కావలెను, డిగ్రీ, కంప్యూటరు వచ్చి ఉండాలి, వయసు ముప్పై అయిదు దాటకూడదు. దాని కింద ఇంకో లైనేదో ఉంది గానీ అక్కడ మా ఆయన బొటనవేలు అడ్డం పడింది. నాకప్పుడు ముప్పై నాలుగు దాటి ఎనిమిది నెలలు. ఇది పోతే మళ్లీ ఇలాంటి కాగితం నా కోసం ఏ గేటుకూ అంటించరని ఇద్దరికీ తెలుసు. షాపు మూసేస్తే ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో కూర్చుంటే నేనెలా ఉంటానో మా ఆయనకు బాగా తెలుసు. అందుకే ఆ మనిషి నాకంటే ఎక్కువ కంగారు పడ్డాడు.

మర్నాడు షాపులో నా రెజ్యూమేకు కూర్చున్నాను. వందలమందికి కొట్టిన చేతులు, పది నిమిషాల పని అనుకున్నాను. పేరు, చదువు, మార్కులు అయ్యాయి. అనుభవం అన్నచోట చేతులు ఆగాయి. ఏం రాయాలి? చేరినట్టు కాగితం లేదు. జీతం అన్న మాట బాబాయికీ నాకూ మధ్య ఎప్పుడూ రాలేదు. కావాల్సినప్పుడు చేతిలో పెట్టేవాడు, పండక్కి పిన్ని చీర కొనేది. సొంత బాబాయి షాపులో కూర్చోవడాన్ని ఉద్యోగం అంటే వినేవాళ్లు నవ్వరూ? బాబాయి పక్కనే నిలబడి తెర వంక చూస్తున్నాడు. ఏమన్నా అంటాడేమోనని ఒక నిమిషం చూశాను. ఏమీ అనలేదు. ఫ్రెషర్ అని కొట్టేశాను. హాబీల దగ్గరికొచ్చాక ఈత చెరిపేద్దామనుకున్నాను. కానీ భయమేసింది. ఇంతమందికి ఉంచి నా ఒక్కదానికి తీసేస్తే ఏమవుతుందోనని ఉంచేశాను. బాబాయి మూలలకు పసుపు రాశాడు. మా ఆయన తీసుకెళ్లి గేటు దగ్గరి పెట్టెలో వేశాడు.

పది రోజులకు షాపు మెయిల్‌కు పిలుపొచ్చింది. శుక్రవారం పొద్దున పది గంటలకు రావాలని. బాబాయి దాన్ని రెండు ప్రింట్లు తీయించాడు, ఒకటి నాకు, ఒకటి టీ కొట్టు వాళ్లకు చూపించడానికి.

శుక్రవారం తెల్లారగానే మాచర్ల బస్సెక్కాను. గురజాల దాటి ఫ్యాక్టరీ దగ్గర దిగేసరికి కట్టుకున్న చీర మీద సన్నగా బూడిద రంగు దుమ్ము. లోపల ఒక గదిలో ఆఫీసరు ఒక్కడే ఉన్నాడు. యాభై దాటిన మనిషి. మాట వినగానే కృష్ణ అవతలి ఒడ్డు మనిషని తెలిసిపోయింది. కూర్చోమన్నాడు. నా సర్టిఫికెట్లు అడుగుతాడని ఫైలు విప్పబోయాను.

"ఈత ఒస్తదా అమ్మా?" అన్నాడు.

రాదన్నాను. మొదటి ప్రశ్నకే రాదని చెప్పాల్సి వచ్చింది. ఆయన ఆశ్చర్యపోలేదు. బీరువాలోంచి ఒక కాగితాల కట్ట తీసి బల్ల మీద పరిచాడు. ఒక్కొక్కటే తిప్పి చూశాను. అన్నీ నేను కొట్టినవే. అన్నిటి మీదా మా షాపు మెయిలు, మూలల్లో బాబాయి పసుపు, రెండో పేజీలో ఈత.

ఎవడో పేటలో కన్సల్టెన్సీ పెట్టి, ఉద్యోగాలిప్పిస్తానని పిల్లల దగ్గర డబ్బు గుంజుతూ ఒకే కాగితాన్ని అందరికీ అంటగడుతున్నాడని ఆయన అనుమానం. వీళ్లలో ఇద్దరు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తున్నారట. ఇది ఎక్కడ చేయించారని ఎంత అడిగినా చెప్పలేదట. చెబితే కలిసొచ్చింది పోతుందని భయపడి ఉంటారు, నాకు తెలుసు. నేను కాస్త వయసున్న మనిషిలా కనిపించాను కాబట్టి వాడి పేరు చెబుతానని పిలిపించాడట. మరి ఉద్యోగం అన్నాను. ఫ్రెషర్లకు ఇరవై అయిదు దాటకూడదని, అనుభవం ఉన్నవాళ్లకే ముప్పై అయిదని, గేటు దగ్గరి కాగితంలో స్పష్టంగా రాశామని చెప్పాడు. మా ఆయన బొటనవేలి కింద ఉన్న లైను అదన్నమాట.

అప్పుడే లేచి నమస్కారం పెట్టి వచ్చేస్తే బాగుండేది. ఎవరో తెలియదని చెబితే ఆయనా వదిలేసేవాడు. కానీ ఆయన మళ్లీ, మోసం చేసి బతుకుతున్నరు అన్నాడు. ఆ మాట నా ఒంటికి పడలేదు.

"మోసమేంది సార్? ఇవన్నీ నేను కొట్టినవే" అని లేచి నిలబడ్డాను.

ఇక ఆగలేదు. బల్ల మీది కాగితాలు ఒక్కొక్కటీ తీసి చూపించాను. ఈ పిల్ల రాత్రనకా పగలనకా చదివి తెచ్చుకున్న మార్కులివి, నేను మార్కుల లిస్టు పక్కన పెట్టుకుని కొట్టాను. ఈ అబ్బాయికి టైపింగు నిజంగా వచ్చు, మా షాపులోనే పరీక్ష పెట్టి చూశాను. వీడు నిజంగానే రెండు వేసవులు కూల్‌డ్రింకు షాపులో పనిచేశాడు, నేనే తిట్టి రాయించాను. ఇందులో ఈత తప్ప అబద్ధం ఒక్కటి చూపించండి, ఆ ఈత కూడా మొదటివాడికి నిజంగా వచ్చు అన్నాను. పసుపు మా బాబాయి రాస్తాడని, మెయిలు ఎందుకలా ఉందో కూడా చెప్పాను. చెబుతున్నకొద్దీ నా గొంతు గదిలో మోగుతోందని తెలుస్తూనే ఉంది. బయట గుమాస్తా ఒకాయన తలుపులోంచి తొంగిచూసి వెళ్లాడు.

ఆఫీసరు అంతా విన్నాడు. మధ్యలో ఒకసారి వంకాయ కాగితం చూసి నవ్వు ఆపుకున్నాడు. నేను ఆయాసంతో కూర్చున్నాక, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావని అడిగాడు. పదకొండేళ్లని చెప్పాను. ఆయన నా రెజ్యూమే తీసి, ఫ్రెషర్ అన్నచోట వేలు పెట్టి నా వైపు తిప్పాడు.

"మరి గిదేంది?"

"అది మా బాబాయి షాపు సార్."

"బాబాయి షాపుల జేస్తే పని గాదా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాట ఆ రోజు దాకా నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. వీధిలో పోయేవాళ్లందరికీ ఉన్నది దాచొద్దని చెప్పి, నాకున్న ఒకే ఒక్కదాన్ని నా చేత్తోనే దాచేశాను. కూల్‌డ్రింకు షాపు పిల్లాడి ముందు నిలబడి చెంపలు వేసుకోవాలనిపించింది.

ఆయన నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. సోమవారం లోపల షాపు తరఫున ఒక కాగితం తెమ్మన్నాడు. ఇన్నేళ్లు ఫలానా పని చేసిందని ఉండాలి, సంతకం యజమాని అని ఉండాలి, బాబాయి అని ఉండకూడదు. అది ఉంటే అనుభవం ఉన్నవాళ్ల లెక్కలో టైపింగు పరీక్ష పెడతానన్నాడు. ఆ కాగితం నన్ను కొట్టొద్దని కూడా చెప్పాడు. నేను కొడితే మళ్లీ ఈత వస్తుందేమోనని ఆయన భయం.

సాయంత్రానికి పేట చేరి, ఇంటికి కూడా వెళ్లకుండా షాపుకు వెళ్లాను. సంగతంతా చెప్పాను. పసుపు దగ్గర బాబాయి కాస్త నొచ్చుకున్నాడు. కాగితం దగ్గరికి వచ్చేసరికి మొహం మాడిపోయింది.

"మా అన్న కూతుర్ని జీతానికి పెట్టుకున్నానని నా చేత్తో రాసియ్యాల్నా? రేపు మీ నాన్నకి నా మొహమెట్టా చూపిచ్చాలే?" అన్నాడు.

ఆయన బాధ నాకు అర్థం కాకపోలేదు. మా ఇళ్లలో అన్నదమ్ముల పిల్లల చేత పని చేయించుకున్నారనే మాట ఎవరూ పడరు. ఇంటి పిల్ల ఇంట్లో తిరిగినట్టే షాపులో తిరిగింది, అంతే. ఆయన ఇన్నాళ్లూ అలాగే అనుకున్నాడు, ప్రేమగానే అనుకున్నాడు. కావాలంటే షాపులో సాయంగా ఉండేదని రాసిస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"సాయంగా ఉన్నోళ్లకి ఇరవై అయిదేళ్లు దాటకూడదంట బాబాయ్" అన్నాను.

నేను బ్యాగు తగిలించుకుని వచ్చేశాను. శనివారం షాపుకు వెళ్లలేదు. జ్వరమొచ్చినా, పాప పుట్టినా ముందుగా చెప్పి మానేదాన్ని. చెప్పకుండా మానడం అదే మొదలు. ఇంట్లో అంట్ల గిన్నెలతో నేను చేసిన చప్పుడుకు మా ఆయన టిప్పరు తీసుకుని రోజూకంటే ముందే వెళ్లిపోయాడు.

తొమ్మిదిన్నరకు బాబాయి ఫోన్ చేశాడు. కంప్యూటరు ఎలా ఆన్ చేయాలని అడిగాడు. వెనక మీట ఉంటుందని చెప్పి పెట్టేశాను. పది దాటాక మళ్లీ చేసి, ఇందులో తెలుగు ఎలా వస్తుందన్నాడు. చెప్పాను. ఎవరో అర్జెంటు పని మీద వచ్చి ఉంటారనుకున్నాను. మరో అరగంటకు, కొట్టింది మొత్తం మాయమైపోయింది, అది ఎటు పోయి ఉంటుందని అడిగాడు. ఇక ఉండబట్టలేక, వద్దు వద్దనుకుంటూనే చెప్పులేసుకున్నాను.

వెళ్లేసరికి బాబాయి నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని కీబోర్డు మీదికి వంగి, ఒక్కో అక్షరం కోసం వేలితో వెతుకుతున్నాడు. ప్లాస్టిక్ కుర్చీల్లో ఇద్దరు కూర్చుని, అద్దె అగ్రిమెంటు కోసం వచ్చినవాళ్లు, ఆయనకు అక్షరాలు వెతికి పెడుతున్నారు. అద్దె సంగతి వాళ్లు మర్చిపోయినట్టే ఉంది. తెర మీద రెండు లైన్లున్నాయి. ఈమె మా షాపునందు టైపింగు పని చేసినది అని ఉంది. నేను ముట్టుకోబోతే, ఆఫీసరు నిన్ను కొట్టొద్దన్నాడుగా అని నా చెయ్యి తోసేశాడు.

"పొద్దున్నుంచి వచ్చినోళ్లంతా అమ్మాయి ఏదీ అనే అడిగారే. నన్నెవరూ అడగలా" అన్నాడు తెర వంక చూస్తూనే.

కాసేపటికి ఎన్నేళ్లని రాయాలని అడిగాడు. పదకొండని చెప్పాను.

ఆయన కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసేశాడు. కళ్లజోడు దించుకుని నా వైపు తిరిగాడు.

"పదకొండా? అయిదో ఆరో అనుకుంటన్నా గదమ్మా నేను" అన్నాడు.

అద్దె అగ్రిమెంటు వాళ్లిద్దరూ తలలు దించుకున్నారు. బాబాయి మీద పెట్టుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు, ఏడవకుండా ఉండటానికి జిరాక్స్ మిషను దగ్గరికి వెళ్లి కాగితాలు సర్దాను. తర్వాత ఆయన మళ్లీ తెర వైపు తిరిగి పదకొండు అని అక్షరాల్లో కొట్టాడు, పక్కన అంకెల్లో కూడా కొట్టాడు. ఇంకేం రాయాలని నన్ను అడగలేదు. తనే ఇంకో లైను వెతుక్కుంటూ వెతుక్కుంటూ కొట్టాడు. ఈమె ఉన్నందుననే ఈ షాపు ఇన్నాళ్లు నడిచినది. కింద యజమాని అని పెట్టి, ప్రింటు తీసి, సంతకం చేసి, షాపు ముద్ర వేశాడు. పసుపు డబ్బా మీదికి చెయ్యి పోయింది గానీ మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

సోమవారం ఆఫీసరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఎవరు కొట్టారని అడిగాడు. మా యజమాని అన్నాను. ఆ మాట అలవాటు లేక నాలుక తడబడింది. టైపింగు పరీక్ష పెట్టాడు, అది నాకొక లెక్క కాదు. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి రమ్మన్నాడు. మా ఆయన ఆ వారమంతా టిప్పరు హారన్ కొట్టుకుంటూనే ఇంటి సందులోకి వచ్చాడు. షాపు మూసే దాకా సాయంత్రాలు నేను వెళ్లి ఆగిపోయిన పనులు పూర్తి చేశాను. బాబాయి ఒక్కో సాయంత్రం టీ తెప్పించి, నాకిచ్చాకే తను తాగేవాడు.

ఒక్క పొరపాటు మాత్రం జరిగింది. పదకొండేళ్లు ఊరందరి కాగితాలకూ జిరాక్స్ తీయించిన నేను, ఆ ఒక్క కాగితానికి తీయించుకోకుండా అసలుదే ఆఫీసులో ఇచ్చేశాను. తిరిగి అడిగితే, ఫైల్లోకి వెళ్లిన కాగితం బయటికి ఇవ్వరని ఆఫీసరు చెప్పాడు. ఆ ఫైళ్ల బీరువా తాళాలు ఇప్పుడు నా దగ్గరే ఉంటాయి. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక, ఏదో ఒక ఫైలు కావాలని బీరువా తీసి, నా ఫైలు కూడా తీస్తాను. బాబాయి కొట్టిన ఆ చివరి లైను చదువుకుని మళ్లీ జాగ్రత్తగా లోపల పెట్టి తాళం వేస్తాను.